వేళ్లు చూసే సారు

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. మా సారు కళ్లు బతికున్నప్పుడే చారెడు. ఎప్పుడు చూసినా అవి మా చేతుల మీదే ఉండేవి.

మొన్న బుధవారం జగిత్యాలలో, మా బడి స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా మూత తీస్తుంటే ఫోన్ వరసగా మోగింది. కోరుట్లలో నేను చదువుకున్న బడి పాత విద్యార్థుల గ్రూపు అది. 'సార్ ఇక లేరు' అని ఒకరు పెట్టారు. దాని కింద దండం పెట్టే చేతులు, కన్నీళ్ల బొమ్మలు, 'అక్షర శిల్పి', 'మట్టిలో మాణిక్యాలను ఏరిన మహానుభావుడు'. ఏరడం మాట నిజమే. ఆయన జీవితమంతా చేసింది అదొక్కటే.

"ఎవలన్న పోయిన్రా మేడం?" అని పక్క కుర్చీలో తెలుగు టీచర్ అడిగింది.

"మా చిన్నప్పటి లెక్కల సార్" అన్నాను.

"అయ్యో" అంది ఆమె. నేను అనలేదు. డబ్బాలో అన్నం మెతుకు మిగలకుండా తిన్నాను. పోయినవాళ్ల గురించి చెడ్డ మాట అనకూడదని మా అమ్మ చెప్పేది. ఇరవై ఐదేళ్లుగా ఆయన బతికుండగా కూడా అనలేదు కదా, ఇంకెప్పుడు అనాలి?

ఆయన ఆ బడికి హెడ్మాస్టరు, పై తరగతులకు లెక్కలు చెప్పేవాడు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, జేబులో ఒక ఆకుపచ్చ పెన్ను, ఒక ఎర్ర పెన్ను, చేతిలో అడుగు పొడవు స్టీలు స్కేలు. ఆ స్కేలుతో కొట్టిన గుర్తు నాకు పెద్దగా లేదు. తలుపు తట్టడానికీ, వరుస సరిచేయడానికీ, నడుస్తూ గోడ మీద టకటక లాడించడానికీ వాడేవాడు. ఆ చప్పుడు వినబడితే చాలు, మేము చేతులు వెనక్కి దాచుకునేవాళ్లం.

ఎందుకంటే ఆయనకు వేళ్లు చూసే అలవాటు. ఎదురుపడిన పిల్ల చేయి పట్టుకుని, వెనక్కి తిప్పి, గోళ్లు చూసేవాడు. "మొఖం అబద్ధమాడుతది. వేలు ఆడదు. వేలు చూస్తే బుర్ర తెలుస్తది" అనేవాడు. చేయి చూసి జాతకం చెప్పేవాడైనా మంచి రోజులు వస్తాయని ఒక మాట అంటాడు, ఈయన అదీ అనేవాడు కాదు.

అటెండర్ టీతో పాటు సాసర్లో బిస్కెట్లు తెచ్చేవాడు. సారు ముందు వాటిని వేలితో అటూ ఇటూ జరిపి, విరిగినవాటిని పక్కకు తోసేవాడు. "గివి సి సెక్షన్ల ఇయ్యి." మేమంతా నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే రోత.

సెక్షన్ల సంగతి చెప్పాలి. ఆ బడిలో ఆరో తరగతి దాకా అందరినీ కలిపి కూర్చోబెట్టేవారు. ఏడో తరగతి మొదట్లో, జూన్‌లో బడి తెరవగానే లెక్కల టెస్టు ఒకటి పెట్టేవాడు. ఆ ఒక్క టెస్టుతో పిల్లలను మూడుగా విడదీసేవాడు. ఏ వాళ్లకు మేడ మీద గది, రెండు ఫ్యాన్లు, స్వయంగా ఆయన పాఠం. బి వాళ్లకు కింది గది. సి వాళ్లకు సైకిల్ స్టాండు పక్కన రేకుల షెడ్డు. వాన పడితే అక్కడ టీచర్ నోరు కదలడం కనబడేది, మాట వినబడేది కాదు. ఆ టీచర్ కూడా ఇంటర్ పాసై ఇంకే పనీ దొరక్క వచ్చిన మనిషి, దసరా దాటి ఉండేది కాదు.

ఊరిలో రైస్ మిల్లులు ఎక్కువ కాబట్టి సారు ఉపమానం కూడా మిల్లు నుంచే. ఏ అంటే బియ్యం, బి అంటే నూకలు, సి అంటే తవుడు. తల్లిదండ్రుల మీటింగులో మైకు పట్టుకుని ఈ మాటే చెప్పేవాడు. "దేవుడు అంత కలిపి పంపుతడు. ఏరుడు మన పని." తవుడు పిల్లల తల్లులు కూడా తలలూపేవాళ్లు. అంత ధీమాగా చెప్తే ఎవరైనా ఊపుతారు.

సువార్త మా గల్లీ పిల్ల. గల్లీ మొదట్లో వాళ్ల ఇల్లు, నాలుగిళ్ల అవతల మాది. వాళ్ల నాన్న మార్కెట్ యార్డులో హమాలీ, మా నాన్న దుబాయిలో కూలీ. ఇద్దరి అమ్మలూ బీడీలు చేసేవాళ్లు. బడి నుంచి రాగానే మేమిద్దరం వాళ్ల గడప ముందు ఒకే చాట మధ్యలో పెట్టుకుని కూర్చునేవాళ్లం. ఆమె ఆకు కత్తిరిస్తే నేను చుట్టేదాన్ని, నేను కత్తిరిస్తే ఆమె చుట్టేది. పొగాకు పసుపు గోళ్ల కిందికి పోయి కూర్చుంటే సబ్బుకు పోదు. దారం చుట్టీ చుట్టీ చూపుడు వేలి మీద సన్నని గాట్లు పడతాయి.

నాకు భిన్నాలు వచ్చింది ఆ చాట ముందే. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట. సువార్త కట్ట విప్పి ఐదు బీడీలు పక్కకు పెట్టి, "ఎంత తీసిన చెప్పు?" అనేది.

"ఐదు."

"ఐదు కాదే మొద్దు. కట్టల ఎన్నో వంతు తీసిన?"

నేను తెల్లమొఖం వేస్తే, కట్టను ఐదు కుప్పలు చేసి పరిచి చూపించేది. ఇప్పుడు నేను లెక్కల టీచర్ని. నా క్లాసులో చాక్‌పీసులతో అదే కుప్పలు చేస్తాను. పిల్లలకు వెంటనే ఎక్కుతుంది.

ఏడో తరగతి టెస్టులో ఇద్దరికీ ఇరవై ఐదుకు పంతొమ్మిది వచ్చాయి. ఆమెవి ఆమె బుర్రతో వచ్చినవి. నావాటిలో సగం ఆ చాట ముందు వచ్చినవి.

ఆ రోజు ప్రేయర్ అయ్యాక అందరినీ సంచులతో ఆవరణలో నిలబెట్టాడు. ఆకుపచ్చ పెన్నుతో రాసిన పేర్లు ముందు చదివాడు. పేరు వినబడినవాళ్లు మెట్లెక్కి పోవాలి. మేడ మీద పది బెంచీలు, బెంచీకి నలుగురు. ముప్పై తొమ్మిది మంది ఎక్కాక సారు ఆగాడు.

"సువార్త, మమత. ముంగటికి రార్రి. ఇద్దరియి పందొమ్మిదే. జాగ ఒక్కదానికే ఉన్నది. చేతులు చూపెట్టుర్రి."

ఇంకో టెస్టు పెట్టవచ్చు. ఇంకో కుర్చీ వేయవచ్చు. బెంచీలో ఐదుగురు ఇరుక్కుంటే ఏమయ్యేది? ఇవేవీ ఆయనకు తోచలేదు.

ముందు సువార్త చేయి పట్టుకున్నాడు. తిప్పాడు. పసుపు గోళ్లు, గాట్లు.

"బీడీలు చేస్తవా?"

"చేస్త సార్."

"దినాం చేస్తవా?"

"దినాం చేస్త సార్. బడి కాడికెల్లి పోంగనె కూసుంట."

ఆ పిల్ల గొంతులో భయం లేదు. పని చేస్తాను అనడం మంచి జవాబే అనుకుంది. ఇంట్లో ఎవరైనా అడిగితే మెచ్చుకునే జవాబే కదా అది.

"మరి చదువు ఎప్పుడు చదువుతవు? బీడీలు చుట్టే చేతికి లెక్కలు ఏడ నిలుస్తయి?" అని చేయి వదిలేశాడు.

తర్వాత నా చేయి. అది ఆషాఢం. మొన్ననే మా అమ్మ నాకు గోరింటాకు పెట్టింది. మా వైపు మైదాకు అంటాం. పది వేళ్లకూ రెండో కణుపు దాకా ముద్ద పెట్టి, గుడ్డ కట్టి పడుకోబెట్టింది. పొద్దున విప్పితే వేళ్లు ఎర్రగా, గోళ్లు ఇంకా ఎర్రగా పండాయి. పసుపు ఎక్కడుందో నాకే కనబడలేదు. సువార్త వాళ్లు చర్చికి పోయేవాళ్లు, వాళ్లింట్లో ఆషాఢం అనే పట్టింపు లేదు. ఆమె వేళ్లు ఎట్లా ఉన్నవి అట్లాగే ఉన్నాయి.

సారు నా వేళ్లు దగ్గరికి తీసుకుని చూశాడు. "మైదాకు మంచిగ పండింది. ఇంట్ల నిన్ను పనికి పెట్టరా?"

"పెట్టరు సార్."

"బీడీలు?"

"చెయ్య సార్."

ఇవే నా మాటలు. సువార్త భుజం నా భుజానికి తగులుతూనే ఉంది. ముందు రోజు సాయంత్రం మా ఇద్దరి మధ్యా ఉన్నది ఒకే చాట. ఆమె నా వైపు చూసింది, నోరు తెరవలేదు. 'సార్, ఇది గూడ చేస్తది' అని ఒక్క మాట అని ఉంటే నేను ఏమయ్యేదాన్నో. ఎందుకు అనలేదని ఎన్నిసార్లు అడగాలనుకున్నానో, అన్నిసార్లూ నోరు రాలేదు.

"చూసిన్రా?" అని సారు మిగిలినవాళ్ల వైపు తిరిగాడు. "గిదీ చదువుకునే చెయ్యి."

నేను మెట్లెక్కాను. ఆమె రేకుల షెడ్డుకు పోయింది. బి సెక్షన్‌కు కూడా కాదు, సి సెక్షన్‌కు. బీడీల పిల్లకు నూకల్లో కూడా చోటు లేదని ఆయన లెక్క.

పిల్లల మొఖాలు చూసి కాబోలు, ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాడు. "బాధ పడకుర్రి. నెల నెల టెస్టు పెడ్త. చదివినోళ్లు పైకస్తరు, చదవనోళ్లు కిందికి పోతరు." నాలుగేళ్లలో మేడ మెట్లు దిగి పోయినవాళ్లను చూశాను. ఎక్కి వచ్చినవాళ్లను ఒక్కరిని కూడా చూడలేదు.

ఎక్కాలని సువార్త ప్రయత్నించకపోలేదు. మొదటి నెల టెస్టులో ఆమెకు ఇరవై నాలుగు వచ్చాయి. పేపర్ పట్టుకుని సారు గదికి పోయింది. తోడుగా నేనూ గుమ్మం దాకా పోయాను. సారు పేపర్ తిప్పి చూసి, మార్కులు కూడి, తప్పేమీ దొరకక తిరిగి ఇచ్చేశాడు.

"గిది సి పేపరు బిడ్డా. అల్క లెక్కలు. గీటిల ఎవలకన్న అస్తయి మార్కులు."

"అయితే నాకు ఏ పేపరు ఇయ్యుర్రి సార్. గదే రాస్త."

"ఏ పేపరు ఏ సెక్షనోళ్లకే ఇస్తరు. తెల్వదా?"

ఆమె పేపర్ మడిచి పట్టుకుంది. తిరిగి బయటకు వచ్చేటప్పుడు నవ్వుకుంటూ వచ్చింది. "సార్‌కు లెక్కలు రావే" అంది నాతో. పన్నెండేళ్ల పిల్ల అన్న మాట. ఇన్నేళ్లలో ఆయన గురించి ఇంతకన్నా నిజమైన మాట నేను వినలేదు.

తర్వాతి నెల ఇరవై రెండు వచ్చాయి. ఆ తర్వాత పదిహేను. ఆ తర్వాత నేను అడగడం మానేశాను. ఆమె చెప్పడం మానేసింది.

సారు పాఠం గొప్పగా చెప్పేవాడు, ఆ మాట దాచను. బీజగణితం ఆయన చెప్తుంటే ముడి విప్పినట్టు విడిపోయేది. రానివాడికి రెండోసారి, మూడోసారి చెప్పేవాడు, విసుక్కునేవాడు కాదు. అందుకే నాకు మరింత కోపం. చేతకానివాడైతే పోనీలే అనుకునేదాన్ని. చేతనైనవాడు, ఎవరికి చెప్పాలో ఎవరికి చెప్పకూడదో ఏరుకుని చెప్పాడు.

పదో తరగతిలో పొద్దున ఐదింటికే ఆయన సైకిల్ మీద వచ్చి ఏ సెక్షన్ పిల్లలను నిద్ర లేపేవాడు. గేటు మీద స్కేలుతో టకటక. ఊరంతా దాన్ని పొగిడేది. మా ఇంటికి రావాలంటే సువార్త ఇల్లు దాటాలి. ఆ పిల్ల అప్పటికే లేచి వాకిలి ఊడ్చి, దీపం కింద ఆకు కత్తిరిస్తూ ఉండేది. సారు సైకిల్ గల్లీ మలుపు తిరగడం చూసి, ముందుగా ఉరికి వచ్చి మా కిటికీ తట్టేది.

"ఏయ్ మమతా, లేవే. సార్ అచ్చిండు. మొఖం కడుక్కో, లేకుంటే తిడ్తడు."

ఒక్క పొద్దున కూడా సారు ఆమె ముందు సైకిల్ ఆపలేదు. నిద్ర లేచి ఉన్న పిల్లను దాటిపోయి, నిద్రపోతున్న పిల్లను లేపాడు.

ఆ శీతాకాలంలోనే ఒకసారి, రేఖాగణితంలో నాకు ఒక లెక్క తెగకపోతే పాత అలవాటు కొద్దీ ఆమె దగ్గరికి తీసుకుపోయాను. ఆమె తన పుస్తకం తీసింది. సగం పాఠాల మీద పెన్సిల్‌తో మూల నుంచి మూలకు కొట్టేసిన గీతలు. "మాకు గా పాఠమే లేదే. సార్ కొట్టేయమన్నడు. గవి మాకు రావట. పాసుకు ఎంత కావాల్నో అంతే సదువుమన్నడు." తప్పులేని మాట చెప్తున్నట్టు చెప్పింది. చాట ముందు నన్ను మొద్దు అన్న పిల్ల ఆమె. ఆ రోజు ఆమెకు నా లెక్క అర్థం కాలేదు, అర్థం కాలేదని బాధ కూడా కలగలేదు. నాకు భయం వేసి ఇంటికి వచ్చేశాను.

పరీక్షల్లో సువార్త ఒక్క సబ్జెక్టులో పోయింది. లెక్కల్లో. బడి ముందు కట్టిన ఫ్లెక్సీలో నా ఫొటో రెండో వరుసలో ఉంది. మళ్లీ ఫీజు కట్టి రాయమంటే "ఎందుకే, నాకు లెక్కలు రావు" అంది. రెండేళ్లకు సిరిసిల్లలో పెళ్లయింది.

నాకు టీచర్ ఉద్యోగం వచ్చాక ఆ బడి వాళ్లు సన్మానానికి పిలిచారు. సారు నా చేయి పట్టుకుని పైకెత్తి పిల్లలందరికీ చూపించాడు. "గీ వేళ్లు చూసి పట్టిన నేను. ఏడో తరగతిలనె చెప్పిన, గిది చదువుకునే చెయ్యి అని." చప్పట్లు. ఆ పూట మాత్రం నాకు ఆగబుద్ధి కాలేదు. గదిలో టీ తాగుతున్నప్పుడు చెప్పేశాను.

"సార్, నేను గూడ బీడీలు చేసిన. దినాం చేసిన. మైదాకు ఉండబట్టి మీకు కనబడలే."

ఆయన బిస్కెట్లు ఏరుతున్నాడు. తలెత్తలేదు.

"నువ్వు చేసుండవు తియ్యమ్మా."

"చేసిన సార్. సువార్త, నేను ఒక్క చాటల్నే చేసినం."

"చేసుంటే గిట్లెట్లయితవు?" అన్నాడు. నవ్వాడు కూడా. మంచి బిస్కెట్ ఒకటి ఏరి నా సాసర్లో పెట్టాడు.

ఆయన లోకంలో తప్పు దూరడానికి సందే లేదు. పైకి వచ్చినవాళ్లు పైకి రావలసినవాళ్లే, కింద పడినవాళ్లు కింద ఉండవలసినవాళ్లే. తానే తోశానన్న ఆలోచన ఎక్కడా లేదు. టీ విసిరికొట్టి రావలసింది. నేనేం చేశానో చెప్పనా? కాళ్లకు దండం పెట్టి వచ్చాను.

నిన్న ఆదివారం కోరుట్లలో ఫంక్షన్ హాలు మాట్లాడి సంతాప సభ పెట్టారు. నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. పోయాను. పెద్ద ఫొటో, బంతిపూల దండ. దుబాయిలో ఉన్నవాళ్లు వీడియోలో ఏడ్చారు. చుట్టూ చూస్తే అందరూ మేడ మీద కూర్చున్నవాళ్లే.

"సి సెక్షనోళ్లకు చెప్పలేదా?" అని ఏర్పాట్లు చూస్తున్న అతన్ని అడిగాను.

"వాళ్ల నెంబర్లు మన దగ్గర లెవ్వు మేడం" అన్నాడు. అతని వెనక టెంట్ హౌస్ మనిషి కుర్చీలు దులిపి వేస్తున్నాడు. నాకు గుర్తే, మా బ్యాచ్ రేకుల షెడ్డు. అతను నన్ను చూసి తల వంచుకుని ఇంకో వరుసకు పోయాడు.

మైకు ముందు గోరింటాకు సంగతి మొదలుపెట్టాను. వేళ్లు చూడటం, ఒక్క సీటు, నా అబద్ధం. సువార్త పేరు రెండుసార్లు చెప్పాను. వెంటనే ఆ ఏర్పాట్లు చూసే అతను వచ్చి మైకు అందుకున్నాడు. "మేడం జర ఎమోషనల్ అయిన్రు. సార్ అంటే అంత ప్రేమ." అందరూ చప్పట్లు కొట్టారు. చచ్చి కూడా ఆ మనిషే గెలిచాడు.

భోజనం చేయకుండా బస్టాండుకు వచ్చి వేములవాడ బస్సెక్కాను. అక్కడ మారి సిరిసిల్ల చేరేసరికి మూడున్నర. గల్లీ అంతా మరమగ్గాల చప్పుడు. సువార్త ముందు గదిలో మిషన్ మీద లంగాలు కుడుతోంది. నన్ను చూసి లేవబోయింది, ఒళ్లో గుడ్డ జారింది.

"ఏందే గిట్ల, చెప్పకుండ అస్తివి?"

"సారు పోయిండే."

"ఏ సారు?" అని అడిగి, నా మొఖం చూసి తెలుసుకుంది. "అయ్యో పాపం" అంది. నా నోట రాని మాట ఆమె నోట అంత తేలిగ్గా వచ్చేసింది. నీళ్లు ఇచ్చింది, టీ పెట్టింది. నేను టీ ముట్టుకోకుండా అడిగాను. ఆ రోజు పక్కనే నిలబడి కూడా నా సంగతి సారుకు ఎందుకు చెప్పలేదని.

ఆమె కుడుతున్న గుడ్డ మడిచి మిషన్ మీద పెట్టింది.

"చెప్తే ఏమస్తుండె? నిన్ను గూడ రేకుల కిందికే తోల్తుండె. నీకు జాగ దొరికింది, చాలనుకున్న. అయినా సార్ నెల నెల మారుస్త అన్నడు గదనే. నేను గూడ వచ్చే నెల పైకస్త, నీ పక్కకే కూసుంట అనుకున్న. నాకు జాగ పట్టుమని చెప్పిన గద నీకు. యాదికున్నదా?"

యాదికుంది. చివరి బెంచీలో నలుగురం ఇరుక్కుని, గోడ వైపు నా సంచి పెట్టి నెల రోజులు ఆమెకు జాగ పట్టాను. నెల దాటాక ఒక రోజు సారు పాఠం చెప్తూ వచ్చి, స్కేలుతో ఆ సంచిని కిందికి నెట్టాడు. నేను తీసి ఒళ్లో పెట్టుకుని, సర్దుకుని కూర్చున్నాను.